కాస్త మాడింది

ముప్పై కిలోల ఎర్ర మిరపకాయలు తెచ్చాడు బ్లాగోయ్.
కారం లేని రకం, ఒక్కోటి నా జానెడు.
ఇరవై చాలని చెప్పి పంపాను.
"చవగ్గా ఇచ్చాడు" అన్నాడు,
బస్తా వైపు కాదు, నా ముఖం వైపు చూస్తూ.
పింఛను వచ్చిన రోజున ఈ మనిషిని సంతకు పంపకూడదని
తొమ్మిదేళ్లుగా ప్రతి సెప్టెంబరులోనూ అనుకుంటాను.

తెల్లారేసరికి పెరట్లో పొయ్యి రాజేశాం,
పాత నూనెపీపాను అడ్డంగా కోసి చేసింది.
మా లోయలో ఈ వారం ఏ పెరట్లో చూసినా అదే పొగ.
ఆరేసిన దుప్పట్లకీ, పిల్లి వీపుకీ,
పోస్టావిడ తెచ్చిన కరెంటు బిల్లుకీ
కాలిన మిరప తోలు వాసన.

కాల్చినవి సంచిలో మూటగట్టి చెమర్చనిస్తే
తోలు తడి కాగితంలా ఊడొస్తుంది.
నలభై ఏళ్లు కుట్టుమిషను ముందు అరిగిన వేళ్లివి,
ఒక్క గింజ మిగిలినా పట్టుకుంటాయి.
బ్లాగోయ్ ఒలిచినవి మళ్లీ నేను ఒలుస్తాను,
అతను లోపలికి వెళ్లినప్పుడు.

మధ్యాహ్నానికి అంతా వంటపాకలో గుండిగకెక్కింది.
మిరపలు, టమాటాలు, నాలుగు వంకాయలు,
ఉప్పు, పొద్దుతిరుగుడు నూనె.
ఇక తిప్పుతూనే ఉండాలి.
లూతెనిత్సాతో తంటా అదే,
చూపు మరల్చామా, అడుగంటుతుంది.
మా అత్త అనేది,
గరిటె పట్టినదానికి చావు కబురొచ్చినా కదలకూడదని.

అప్పుడు వినిపించింది
ఇంటి పెంకుల మీద అడుగు.

పొగగొట్టం తనే తుడుస్తానని పొద్దున అన్నాడు.
డెబ్బై ఒకటో ఏట వద్దు, మనిషిని పిలుద్దామన్నాను.
నిచ్చెనకు తాళం వేసి, చెవి పిండిడబ్బాలో దాచాను.
నేను ఏది దాచినా పిండిడబ్బాలోనే దాస్తానని
నాకు తప్ప అందరికీ తెలుసు కాబోలు.

వంటపాకలోంచి ఇంటి కప్పు కనబడదు.
గరిటె తిప్పుతూ లెక్కపెట్టాను.
ఒక అడుగు. ఇంకొకటి. పెంకు కదిలిన చప్పుడు.
గొట్టంలో బ్రష్షు గరగర.
మళ్లీ గరగర.
తర్వాత ఏమీ లేదు.

"బ్లాగోయ్!"
జవాబు లేదు.
ఈసారి తిట్టు కలిపి పిలిచాను.
ఎర్రటి బుడగ పగిలి ముంజేతి మీద చురుక్కుమంది.
అత్త మాట ఒక చెవిలో,
ఆ నిశ్శబ్దం ఇంకో చెవిలో.

గరిటె వదిలేశాను.

కప్పు కొసన కూర్చుని ఉన్నాడు,
మొహమంతా మసి, ఒళ్లో బ్రష్షు.
నది అవతల నాలుగూ పది రైలు పోతోంది, రెండే పెట్టెలు.
ముప్పై నాలుగేళ్లు జెండా ఊపిన చెయ్యి
తనకే తెలియకుండా మోకాలి మీంచి కాస్త లేచింది.
"రెండు నిమిషాలు లేటు" అన్నాడు కిందికి చూసి,
దొంగని పట్టుకున్నవాడిలా.

ఏం తిట్టాలో గుర్తురాలేదు.
నిచ్చెన అడుగున రెండు చేతులూ బిగించి నిలబడ్డాను.
అతని పాదం మట్టిని తాకాక గుర్తొచ్చింది.
చాలాసేపు తిట్టాను.
పక్కింటి రాద్కా కంచె దాకా వచ్చి విని వెళ్లింది.

గుండిగ అడుగున అరచేతి మందాన నలుపు.
పైపైన తీసి ముప్పై ఎనిమిది సీసాలు నింపాం.
స్టేషను రిజిస్టరు రాసిన గుండ్రటి దస్తూరీలో
ఒక్కో సీసాకీ చీటీ రాశాడు:
సెప్టెంబరు ఇరవై ఎనిమిది. కాస్త మాడింది.
"కాస్తేనా?" అన్నాను.
కళ్లద్దాలు సర్దుకుని
మొదటి చీటీ మీద 'కాస్త' కొట్టేశాడు.
మిగతా ముప్పై ఏడింటి మీద అలాగే వదిలేశాడు.

రాత్రి గిన్నె అడుగు దాకా రొట్టెతో తుడిచి తిన్నాడు,
గొర్రెపాల జున్ను పక్కన పెట్టుకుని.
"పొగ రుచి, బాగుంది" అన్నాడు.
నాకూ బాగానే ఉంది. చెప్పలేదు.

తాళంచెవి పట్టుకుని వంటింట్లో అటూ ఇటూ తిరిగాను.
పంచదార సీసా చూశాను, గడియారం వెనక చూశాను.
చివరికి పిండిడబ్బాలోనే వేశాను.

రేపు క్యాబేజీ పీపా కడగాలి.
అది ఒక్కరు ఎత్తలేరు.