ఇరవై రెండు చుట్లు

మూడు దాటితే మా సందులో మొదటి చప్పుడు
పాలబండిది కాదు, పేపరువాడిది కాదు.
ఇనప మూత పక్కకి జరిగే చప్పుడు.
ఆ తర్వాత కాసేపు ఏమీ వినిపించదు.
అప్పుడు మునిచౌడప్ప గోతిలోకి పొడుగాటి తాళంచెవి దించి
దాని కొసకి చెవి ఆనించి నిలబడతాడు,
తలుపు అవతల ఎవరైనా మేలుకున్నారా అని వినేవాడిలా.

లింగరాజపురంలో మాది ఏటవాలు సందు.
కింది ఇళ్ళు నింపుకున్నాక మిగిలితేనే పై ఇళ్ళకి.
మా ఇల్లు ఎగువ కొసన, రేషన్ షాపుకి ఇవతల.
వంద కిలోమీటర్లు ఎక్కి వస్తుంది కావేరి ఈ ఊరికి,
చివరి నలభై అడుగులే దానికి కష్టం.

వాల్వుకి ఇరవై రెండు చుట్లు.
పదిహేనో చుట్టు దగ్గర మొరాయిస్తుంది.
అక్కడ బలం పనికిరాదంట,
అర చుట్టు వెనక్కి తిప్పి బుజ్జగించాలంట.
తన మాలూరు తెలుగులో చెప్పాడొకసారి, నేను అడక్కుండానే.
నేను బ్లౌజులు కుట్టేదాన్ని.
దారం ముడిపడితే చక్రాన్ని వెనక్కి తిప్పాలని నాకు తెలుసు.
అయినా ఊ కొట్టి లోపలికి వచ్చేశాను.

పోయిన ఎండాకాలం బోర్లన్నీ గాలి కక్కాయి.
ట్యాంకరువాడు ఫోను ఎత్తడం మానేశాడు.
ఒక రాత్రి ఐదు ఖాళీ బిందెలు వీధిలోకి దొర్లించి
నేనే అరిచాను:
"ఎవరి దగ్గర ఎంత తీసుకుని తిప్పుతున్నావయ్యా ఆ చెవిని?"
కిటికీలన్నీ విన్నాయి.
అతను బదులు చెప్పలేదు.
టార్చి పళ్ళ మధ్య పెట్టుకుని
జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు.
నామీద ఫిర్యాదే అనుకున్నాను.

తర్వాతెప్పుడో ఫిలోమినా అక్క చెప్పింది.
ఆమెకి జీతం లేదు, మెడలో కార్డు లేదు.
మంచం దిగలేని వాళ్ళున్న తొమ్మిది ఇళ్ళు ఆమె నోటి లెక్క.
నీళ్ళొచ్చిన రాత్రి ఆ తొమ్మిది గుమ్మాల్లో రెండేసి బిందెలు.
"నీ ఇంటి నంబరు రాసుకున్నాడే పిల్లా.
మర్నాటి నుంచి కింది వాల్వు పదకొండు నిమిషాలు ముందే కట్టేస్తున్నాడు,
పైకి ఎక్కాలని.
మేడవాళ్ళు ఆఫీసులో రాసిచ్చారు. మెమో వచ్చింది.
మడిచి ఆ పుస్తకంలోనే పెట్టుకున్నాడు."

పదకొండు నిమిషాలు.
నా లెక్కలో రెండు చేతులకి అంచు కుట్టేంత సేపు.
ఆ నీళ్ళతోనే ఆ వేసవంతా వండుకున్నాను, ఉతుక్కున్నాను,
అతన్ని తిట్టిన నోరు కూడా వాటితోనే పుక్కిలించాను.

మొన్న ఆదివారం వార్డాఫీసులో సన్మానం.
ప్లాస్టిక్ కుర్చీలు, గొంతు సవరించుకునే మైకు,
నిమ్మపండు రంగు శాలువలు ఎనిమిది.
అతని పేరు చదివారు, అదీ తప్పుగా.
ఎవరూ లేవలేదు.
వెనక వరసలోంచి ఫిలోమినా అక్క అంది:
"ఈ పూట హెన్నూరు వైపు వంతు సార్."
ఆమె పేరు ఆ జాబితాలోనే లేదు.
శాలువ బల్లమీద ఉండిపోయింది, ఫోటోగ్రాఫరు సంచీ కింద.

నేనడిగి తెచ్చుకున్నాను దాన్ని.
నాసిరకం బట్ట, అంచు అప్పుడే విడిపోతోంది.
నాలుగు వైపులా మళ్ళీ జంట కుట్టు వేశాను.
ఇవాళ మూత జరగగానే వెళ్ళి ఇచ్చేద్దామనుకున్నాను.
ఏమని ఇవ్వాలో మాట కుదిరేలోపే
ఒకటి, రెండు, మూడు...
గుమ్మంలోనే నిలబడి లెక్కపెట్టాను.
పదిహేను.
ఆగింది.
చీకట్లో నా కుడిచెయ్యి దానంతటదే
అర చుట్టు వెనక్కి తిరిగింది.

లోపల కుళాయి దగ్గింది.
బిందె పెట్టడానికి పరిగెత్తాను.
శాలువ ఇంకా మిషను మీదే ఉంది.