నోరు తెరువన్నా

ఫహాహీల్‌లో చేపల మార్కెట్ వెనక సందు,
రెండో అంతస్తులో మా పళ్లాసుపత్రి.
శుక్రవారం నమాజు అయినాక
మెట్ల మీద చెప్పులు పేరుకుంటాయి:
సిమెంటు అంటినవి, గ్రీసు అంటినవి,
ఒక జతలో రెండూ ఎడమవే.

సామాను కడిగి ఆవిరి పెట్టెలో ఉడికించడం,
డాక్టరు అరబ్బీని తెలుగు చేయడం నా పని.
రాయచోటి నుంచి వచ్చి ఏడేండ్లు.
నాలుగేండ్లు ఇండ్లల్లో గిన్నెలు తోమినా,
ఇప్పుడు పండ్లు తోమడం నేర్పిస్తున్నా.
చెయ్యి అదే గానీ
గిన్నెను గట్టిగా రుద్దాల,
పంటిని బుజ్జగించాల.

"నోరు ముయ్" అని అందరూ కసిరే చోట
"నోరు తెరువన్నా" అనేదానికి జీతం నాకు.

తెరిస్తే చాలు, బతుకుతెరువు చెప్పేస్తా.
కైనీ దాచే చెంప లోపల తెల్లగా ముడత.
లారీ తోలేవాళ్ల దవడపండ్లలో
నాలుగు చెంచాల చక్కెర టీ గుంటలు తవ్వుంటది.
పక్క మంచం పఠాను ఇచ్చిన మిస్వాకు నమిలేటోడి చిగుళ్లు
మాత్రం పసిబిడ్డవి.

పీకడం ఇన్సూరెన్సులో ఉంది.
నిలబెట్టడం లేదు.
అందుకే అందరూ పీకెయ్యమంటారు.
"ముప్పై రెండున్నాయి గదక్కా, ఒకటి పోతే ఏమి?"
అన్నాడు పెంచలయ్య, తాపీ మేస్త్రి.
పక్కది ఒరుగుతాది నాయనా, పైది కిందికి దిగుతాది.
గోడలో ఒక్క ఇటుక ఊడబెరికి చూడు,
నీకు నేను చెప్పాల్నా?
నవ్వినాడు. పీకించుకునే పోయినాడు.

మొన్న మాలకొండయ్య వచ్చినాడు.
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొనే పేరు చెప్పినాడు.
చెయ్యి తీస్తే
ముందరి పండ్ల నిండా గోధుమ చారలు, సున్నం చుక్కలు.
"కనిగిరి పక్కనా?" అంటే అదిరిపడినాడు.
చిగుళ్లు పైకి పీక్కుపోయి వేర్లు బయటపడినాయి.
నెత్తురు.

"ఏం పెట్టి తోముతావన్నా?"
జేబులోంచి తీసినాడు
పొరకపుల్లల మాదిరి విచ్చుకుపోయిన బ్రష్షు.
ఉప్పూ, ఇటుకపొడీ. పూటకొకసారి, మూడు పూటలా.
క్యాంటీన్‌లో వడ్డించే పని ఇస్తామని పిలిచి
పండ్లు చూసి "వసిఖ్" అన్నాడంట సూపర్‌వైజరు.
వసిఖ్ అంటే మురికి.
ఆ ఒక్క అరబ్బీ మాటా
ఎవరూ తెలుగు చెయ్యకుండానే అర్థమైందంట.

డాక్టరు చూసి, ఫ్లోరోసిస్ అని
పక్క కుర్చీకి పోయినాడు.
ఆ మాటకు తెలుగు ఎక్కడ తెచ్చేది?

"అన్నా, ఇది మురికి కాదు.
నువ్వు పలక పట్టకముందే
పన్ను ఇంకా చిగురు కింద ఉండంగానే
మీ బోరు నీళ్లు లోపల్నుంచి వేసిన రంగు.
పైన రుద్దితే రంగు పోదు,
పన్ను పోతాది."

పలకలేదు చాలాసేపు.
లైటు మొహం మీదనే ఉంది, నేనూ ఆర్పలేదు.
తర్వాత అడిగినాడు,
"మా పాపకూ అంతేనా?"
ఎన్నేండ్లు?
మూడు.

"అయితే ఇంకా టైముంది.
పాలపండ్ల వెనక అసలు పండ్లు ఇప్పుడే తయారయితాంటాయి.
బోరు నీళ్లు తాపొద్దు. కాంచినా ఆ విషం పోదు.
ఫిల్టరు నీళ్లు, వాన నీళ్లు, ఏవన్నా సరే."

మెడలో కాగితం రుమాలు అట్నే ఉండంగా
ఇంటికి ఫోను చేసినాడు.
బాగున్నారా అని కూడా అడగలే.
"పిల్లకు క్యాను నీళ్లు తాపు.
లెక్క నేను పంపిస్తా. అన్నానికీ అవే పొయ్యి."

మెత్తటి బ్రష్షు ఇచ్చినా. శనగ్గింజంత పేస్టు.
రాత్రి తోమినాక ఉమ్మెయ్యి, పుక్కిలించొద్దు,
నెమ్మదిగా, నిద్రపోయే బిడ్డ వీపు నిమిరినట్టు.
తల ఊపినాడు.
"ఇక్కడ తాగేది సముద్రం నీళ్లంట గదక్కా?"
అవునన్నా, ఉప్పు తీసేసి తాపుతారు.
"సముద్రాన్నే కడిగినారా!" అన్నాడు
చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి.

ఆ పాత బ్రష్షును నేను పారెయ్యలేదు.
సింకు మూలల్లో టైల్సు సందుల్లో నల్లగా పట్టుంటాది చూడు,
అది మురికి.
దానితో అదే తోముతున్నా.