కుండ పట్టినంత

మలుపులో కళ్ళు మూసుకోకండి డాక్టరమ్మా,
మూసుకుంటేనే కడుపులో తిప్పుతుంది.
లోయ అవతల ఆ మంచు గీత మీదే చూపు నిలపండి.
ఇరవై రెండేళ్ళుగా తోలుతున్నాను ఈ దారిలో,
నాకు తెలియని గొయ్యంటూ ఉంటే
అది నిన్న రాత్రి పడ్డదే.

మొన్న కుబాచీలో వెండి చూశారు.
కత్తి ఒర మీద నల్లటి లతలు ఎక్కిస్తూ
ముసలాయన మీ ముఖం చూడకుండానే ధర చెప్పాడు.
నిన్న ఉన్‌త్సుకుల్‌లో చేతికర్ర కొన్నారు,
వెండి తీగని చుక్క చుక్కగా చెక్కలోకి దిగ్గొట్టిన కర్ర.
మామగారికన్నారు.
ఆయన ఇంకా మీకన్నా వేగంగా నడుస్తాడనీ అన్నారు.
పొద్దున లెవాషి సంతలో
గుట్టలు పోసిన క్యాబేజీల మధ్య
ఉన్ని మేజోళ్ళావిడతో అరగంట బేరమాడి
ఆవిడ మొదట అడిగిందే ఇచ్చి, నవ్వుకుంటూ బండెక్కారు.

ఇప్పుడు పోయేది బల్హార్‌కి.
అక్కడ మట్టి తప్ప ఏమీ లేదు.

మా అమ్మది ఆ ఊరే.
మట్టిని కాళ్ళతో తొక్కేది, రొట్టెపిండిని చేత్తో పిసికేది.
"రెండూ ఒకటే రా, ఒకదాన్ని నమలలేం, అంతే" అనేది.
గాడిద మీద గడ్డి పరిచి కుండలు కట్టుకుని
నాన్న లోయలు దిగిపోయేవాడు.
ధర ఆయన చెప్పేవాడు కాదు, కుండే చెప్పేది:
పట్టినంత గోధుమ.
కుండ వాళ్ళకి, దాని కడుపులోది మాకు.
చిన్నవి చెయ్యమని అమ్మ కొంగు పట్టుకు వేలాడేవాణ్ణి.
చిన్నవైతే తొందరగా నిండుతాయి,
నాన్న తొందరగా వచ్చేస్తాడు.

దిగండి. తల వంచండి, గుమ్మం పొట్టిది.
ఈవిడ కుమ్సియత్ పిన్ని.
ఎడమ చేత్తో సారె తిప్పుతుంది,
కుడి చేతికి ఆ సంగతి తెలియనట్టే ఉంటుంది.
తెల్లసున్నం కాదమ్మా అది, తెల్లమట్టి.
ముగ్గులా కనిపించే ఆ సుళ్ళకి ముందు గీసుకున్న గీతలేం ఉండవు.
ధర చీటీలు అంటించింది మనవరాలు జుల్మీరా,
రాత్రిపూట తడిగుడ్డతో వాటిని ఊడబీకేది పిన్ని.

ఏమందంటారా?
మా లాక్ భాషలో అంది.
పట్టినంత, అంది.

వెనక సీటు వాళ్ళు నవ్వారు.
జుల్మీరా సిగ్గుపడి కార్డు గీకే మిషను తీసింది.
మీరు మాత్రం బండి దాకా పరుగెత్తారు.
సంతలో కొన్న ఎండు ఆప్రికాట్లు పోశారు,
హోటల్లో ఎత్తుకొచ్చిన పంచదార పొట్లాలు,
చిల్లర, దగ్గు బిళ్ళలు,
పిల్లల పళ్ళకి బహుమానంగా ఇస్తానన్న రంగు బొమ్మలు మూడు.
మెడ దాకా వచ్చి ఆగింది కుండ.
చివరికి ఆ కొత్త మేజోడు ఒకటి కుక్కారు.

పిన్ని తొంగి చూసింది.
మేజోడు బయటికి లాగి, సాగదీసి, కుట్టు పరీక్షించి
అడిగింది,
"రెండోదేదీ?"

ఇచ్చారు.
ఆవిడ రెండూ అక్కడే తొడుక్కుని
మట్టి కాళ్ళతోనే లేచి టీ పెట్టింది.

తిరుగుదారిలో మాట్లాడటం లేదు మీరు.
ఒళ్ళో ఖాళీ కుండ,
బూట్లలో వట్టి కాళ్ళు.
హీటరు పెంచనా?
అమ్మ ఆఖరిసారి చేసిన కుండ నా దగ్గరా ఉంది,
పిడికెడంత ఉంటుంది.
అప్పటికి చేతులు వణికేవి, మూతి కాస్త వంకర.
అందులో ఏం పోస్తే సరిపోతుందో
పదకొండేళ్ళుగా తేలలేదు నాకు.
బండి తాళాలు వేశాను కొన్నాళ్ళు.
తీసేశాను.

మలుపొస్తోంది.
కర్ర దొర్లితే దొర్లనివ్వండి,
కుండ పట్టుకోండి.