కరెంటు బిల్లు వెనక

ఒంటిగంటా పది.
నడుం వెనక మొదలై
ఎవరో లోపల్నుంచి తాడు బిగిస్తున్నట్టు
పొత్తికడుపు దాకా వచ్చి, కాసేపుండి, వదిలింది.
పెన్ను వెతికితే కాటుక పెన్సిలు దొరికింది.
కాయితం వెతికితే, ఇంకా కట్టని కరెంటు బిల్లు.
దాని వెనక రాశాను:
1-10. ముప్పై సెకన్లు.

నాకీ పని కొత్తేం కాదు.
కృష్ణలంకలో మా సందు దాటితే బస్టాండు,
అందులో అద్దాల గది, మైకు, మైకు వెనక నేను.
ఆరేళ్ళుగా ఊళ్ళన్నిటికీ వేళలు చెబుతున్నదాన్ని.
"అవనిగడ్డ వెళ్ళు బస్సు మరికొద్ది సేపట్లో..."
ఆ కొద్ది సేపు ఎంతో
ఏనాడూ ఎవరికీ సరిగ్గా చెప్పలేదు.

1-24. నలభై.
1-35. నలభై ఐదు.

అత్త లేచి కూర్చుంది.
"మేం గడియారం చూసి కన్నామా" అంది.
అని, ముల్లు కనపడ్డం లేదని
తనే లేచి లైటు వేసింది.

పోయిన మంగళవారం ఇలాగే పరిగెత్తాం.
ఆస్పత్రి మెట్లెక్కేసరికి నొప్పి దిగిపోయింది.
"దొంగనొప్పులమ్మా. నడిస్తే పోయేవి నిజం కావు" అంది నర్సు,
కోప్పడకుండా.
కోప్పడినా బాగుండేది.
జానీబాషా ఆటో కిరాయి తీసుకోలేదు.
అది ఇంకా గుచ్చుకుంటోంది.

అందుకే ఈసారి నడిచాను.
తలుపు నుంచి బిందెల దాకా, బిందెల నుంచి తలుపు దాకా.
చెంబెడు నీళ్ళు తాగాను.
ఎడం పక్కకు తిరిగి పడుకున్నాను.
పోలేదు.
పోకపోగా, దగ్గరికి జరిగింది.

"అబ్బాయికి చెప్పనా?"
ఆటోనగర్లో, లేత్ మిషన్ ముందు ఏసోబు.
రాత్రి డ్యూటీలో ఫోను పైకి తియ్యనివ్వరు.
"ఇంకా కాదత్తా. ఎనిమిది నిమిషాలకొకటే."
ఆశా కోటేశ్వరి నేర్పిన లెక్క నా దగ్గరుంది:
ఐదు నిమిషాలకొకటి,
ఒక్కోటీ నిమిషం నిలవాలి,
గంటసేపు అలాగే రావాలి. అప్పుడు బయల్దేరు.

2-30. 2-38. 2-45.

నొప్పికీ నొప్పికీ మధ్య ఏమీ ఉండదని
ఎవరూ చెప్పలేదు నాకు.
ఆఖరి బస్సు పోయాక ప్లాట్‌ఫారం ఎలా ఉంటుందో అలా ఉంటుంది.
పక్కింటి ఫ్యాను కిర్రు,
కరకట్ట మీద ఎవరిదో దగ్గు,
ఏటి మీంచి కాస్త గాలి.
ఆ గాలిలో ఒక్క క్షణం నేను ఎవరి తల్లినీ కాను.

2-52 అని రాస్తున్నాను.
రెండు పక్కనే పెన్సిలు ఆగింది.
కాళ్ళ వెంట వెచ్చగా.
అత్త తెల్లగుడ్డ తడిపి లైటు కింద పట్టింది.
పచ్చిపెసలు నానేసిన నీళ్ళ రంగు.
ఇద్దరం మాట్లాడలేదు.

కాయితం మీద ఇంకా ఏడు నిమిషాలే.
కాయితం ప్రకారం ఇంకా టైం కాలేదు.
మళ్ళీ దొంగనొప్పులంటారేమో,
మళ్ళీ జానీబాషా, మళ్ళీ ఆ మెట్లు...
కానీ కోటేశ్వరి చెప్పిన రెండో మాట
వేలితో సహా గుర్తొచ్చింది:
"నీళ్ళు పోయినా, ఎర్రగా కనపడినా, బిడ్డ కదలిక తగ్గినా
ఇక లెక్కల్లేవు. సిగ్గూ లేదు. వచ్చెయ్."

జానీబాషా చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకొచ్చాడు.
"ఈసారి కిరాయి..." అన్నాను.
"ముందు ఎక్కక్కా" అన్నాడు.

బస్టాండు పక్కనుంచే పోయాం.
నా సీట్లో రాత్రి డ్యూటీ పిల్ల గొంతు
మచిలీపట్నం బస్సు గురించి ఏదో చెబుతోంది.
నాకు సగమే వినపడింది, మిగతా సగం నొప్పి మింగింది.
అక్షరం రాని అత్త
బిల్లు మోకాలి మీద పెట్టుకుని గీతలు గీస్తోంది.
ఒకటి. కాసేపటికి ఇంకొకటి.
లోపల్నుంచి ఒక తన్ను, గట్టిగా.
"ఇదీ గీయనా?" అంది.
చెయ్యి పట్టుకున్నాను, అంతే.

గేటు దగ్గర అదే నర్సు.
"నీళ్ళెప్పుడు పోయాయమ్మా?"
"రెండూ యాభై రెండు" అన్నాను
మైకులో చెప్పినంత స్పష్టంగా.
ఆమె రాసుకుంది.