పురచేయి

టెముకోలో జూన్. వాన తెరిపివ్వని మూడో రోజు.
బాల్దొమేరో ఎక్స్‌రే ఫిల్మును తిప్పి పెట్టాడు.
గుండె ఎడమకొచ్చింది,
అంచునున్న అక్షరం మాత్రం అద్దంలోకి వెళ్ళిపోయింది.
మళ్ళీ తిప్పాడు.
అక్షరం సరిపడింది. గుండె కుడివైపుకి జరిగింది.
"డాక్టర్, దేన్ని నమ్మమంటారు?"

ఎర్సీలియా వెంచుమాన్, అరవై ఒకటి, కంబళ్ళు నేస్తుంది.
ఎడమ డొక్కలో పోటుకి
నాలుగేళ్ళు, కడుపులో పుండని, మందు మింగింది.
అక్కడ కాలేయం ఉంటుందని ఎవరనుకుంటారు?
"మా అమ్మమ్మకి తెలుసు," అంది,
"చెవి ఆనించి చెప్పింది,
నీది పక్కింటివాళ్ళ గోడ తట్టే గుండె అని."

రాత్రి వంటింట్లో
అద్దం ముందు రెండు గరిటెలు పట్టుకుని నిలబడ్డాను.
మా ఆయన చూసి, ఏమీ అడక్కుండా
పొయ్యిలో ఇంకో కట్టె వేసి వెళ్ళాడు.

పొద్దున తెరను అటు నుంచి ఇటు జరిపారు.
నా చోట నర్సు రొమీనా,
రొమీనా చోట నేను.
ఇరవై రెండేళ్ళుగా నా కుడిచెయ్యి
కళ్ళు మూసుకుని నడిచిన దారి,
ఇవాళ ప్రతి మలుపులోనూ గోడకి గుద్దుకుంది.
చేతులు ఒకదానిమీదొకటి పెనవేసుకుపోయాయి,
మొదటిసారి తన జడ తానే అల్లుకునే పిల్లకిలా.

పిత్తాశయంలోకి వెళ్ళేవి రెండే,
ఒక గొట్టం, ఒక ధమని.
ఆ రెండూ విడివిడిగా కనబడేదాకా
కత్తెర నోరు విప్పకూడదు.
అరగంట. కొవ్వు పొరలు. పసుపు. మసక.
అప్పుడు పరికరాలు చేతులు మార్చాను.

వల్దీవియా కాన్వెంటులో
కుర్చీ కోడుకి రిబ్బనుతో కట్టేసిన చెయ్యి ఇది.
సిస్టర్ మాటల్లో దయ్యం చెయ్యి.
ఆ తర్వాత గొడుగు పట్టడానికి తప్ప
దాన్ని దేనికీ పిలవలేదు నేను.
గొప్పగా ఏమీ చేయలేదది, చెప్పొద్దూ,
వణికింది, ఒకసారి జారింది,
రొమీనా ఊపిరి బిగబట్టడం వినిపించింది.
కానీ దారి దానికి తిన్నగా ఉంది.
దూది ఏకినట్టు, పొర వెనక పొర,
గొట్టం,
ధమని,
రెండిటి సందులోంచి కాలేయం.

నలభై నిమిషాల పనికి రెండు గంటలు.

తొమ్మిది రాళ్ళు. సీసాలో వేసి ఇస్తే
వెలుతురుకి ఎత్తి చూసి ఎర్సీలియా అడిగింది:
"ఇవైనా అందరివాటిలాగే ఉన్నాయా?"
ఉన్నాయన్నాను.
కొంచెం నిరాశపడింది.

సాయంత్రం రొట్టెల కొట్లో
చిల్లర అందుకోడానికి ఎడమచెయ్యి ముందుకెళ్ళింది.
వెనక్కి తీసుకోలేదు.