కింద చూడు

ఏప్రిల్ నుంచీ గడ్డి మిషను షెడ్డులోనే ఉంది.
ఇంటి వెనక నాలుగు సెంట్ల గడ్డీ
మోకాలు దాటింది.
లడ్లోలో ఇలా ఎవరూ వదలరని మా ఆయన గొణుగుడు.
గోడమీంచి వంగి డిలిస్ మాత్రం
"ఇక పేర్లు కనుక్కోవాలి" అంది.

ఎనభై ఒకటి ఆవిడకి. బడిలో వంట చేసి రిటైరైంది.
మెళ్లో తాడుకి భూతద్దం,
పుస్తెలంత భద్రంగా.

బటర్‌కప్ అంటే ఒక పువ్వనుకున్నాను.
మూడట.
"రేకులు చూసి మోసపోకు. కింద చూడు."
చూశాను.
రక్షకపత్రావళి!
పార్వతీపురం బళ్లో మందారాన్ని బ్లేడుతో నిలువునా చీల్చి
వల్లించిన మాట,
ముప్పై ఏళ్లుగా ఎక్కడా ఖర్చు కాని మాట
పైకే అనేశాను.
డిలిస్‌కి అర్థం కాలేదు. పువ్వుకి అయినట్టుంది.
పత్రాలు వెనక్కి మడుచుకుని ఉన్నాయి.
"అయితే గడ్డ ఉన్న రకం. రాసుకో."

రాసుకున్నాను.
జూన్ ఆరు. పిల్లిచెవి. డాండెలియన్ కాదు, కాడకి కొమ్మలున్నాయి.
రంగు: పచ్చ
అని రాసి ఆగాను. ఆకుదా, పసుపుదా?
మా భాషలో రెంటికీ ఒకటే ఇంటిపేరు.
జూన్ పదకొండు. గిలక మొక్క.
పక్క గడ్డి వేళ్లలోంచి దొంగతనంగా తాగుతుంది,
గడ్డి నీరసిస్తేనే మిగతావాళ్లకి చోటు.
(ఈ దొంగని డబ్బిచ్చి తెచ్చుకున్నాం.)
జూన్ ఇరవై. వాన.
జూలై రెండు. ఊదాది. పేరు చెప్పింది, మర్చిపోయాను.

ఆగస్టు చివర్లో డిలిస్ మనవడు రీస్ కొడవలితో కోసి
గింజ రాలేదాకా మూడు రోజులు ఆరబెట్టి
ఎత్తుకుపోయాడు.
నేలంతా బోడిగుండు.

అక్టోబర్లో, పిట్టల గింజల గొట్టం కింద
నడుమెత్తు మొక్క ఒకటి.
పసుపు పువ్వు, ఎనిమిది రేకులు,
ఎదురెదురుగా ఆకులు.
డిలిస్ అద్దం పెట్టింది, తీసింది, తుడిచి మళ్లీ పెట్టింది.
కింద కూడా చూసింది.
పుస్తకం ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి.
"తెలీదు" అంది.
ఆర్నెల్లలో ఆ మాట వినడం అదే మొదలు.

నాకు తెలుసు.
అరకు ఘాట్ దిగాక బస్సు కిటికీ నిండా అవే.
వలిసె.
గింజల్ని వెర్రి నువ్వులంటాం.
గోల్డ్‌ఫించ్‌ల కోసం కిలో సంచీ కొని పోసింది నేనే,
సంచీ మీద నైజర్ అని ఉంటే
ఏదో దేశం పేరనుకుని.

స్పెల్లింగ్ అడిగింది డిలిస్.
నాకెప్పుడూ అవసరం పడలేదు.
ఇద్దరం గోడకి చెరోవైపు నిలబడి
ఎల్ ఒకటా రెండా అని చాలాసేపు తగువాడాం.

నాలుగో రోజు మంచు పట్టి మొక్క నల్లబడింది.
పుస్తకం అంచున పెన్సిలు గీత
ఇంకా చెరిపి చెరిపి రాసినట్టే ఉంది.