పడలేదు

వంటింటి బల్ల మీద ఫారం.
దాని మీద కాఫీ కప్పు పెట్టొద్దని ఆర్లో రెండుసార్లు చెప్పాడు.
మూడోసారి చెప్పకుండా
తనే తీసుకెళ్లి సింకులో పెట్టాడు.

బయట లాటన్ ఊరంతా ఎర్రదుమ్ము.
ఫోర్ట్ సిల్‌లో కొత్త కుర్రాళ్లు ఫిరంగులు పేలుస్తుంటే
కిటికీ అద్దాలు పళ్లు కొరుకుతున్నాయి.
మా కుక్కకి ఎప్పుడో అలవాటైంది.
నేనింకా లెక్కపెడతాను
పేలుడుకీ పేలుడుకీ నడుమ.

ఇరవై రెండేళ్లు సైన్యంలో లారీ తోలాను.
పింఛను ఇచ్చారు.
మోకాలికి వేరే డబ్బు ఇచ్చారు.
మోకాలికి ఇచ్చినంతా పింఛనులోంచి కోసుకున్నారు.
నా కుడిజేబులోది తీసి ఎడమజేబులో వేసి
ఇచ్చామని రసీదు పంపారు.

ఇప్పుడీ ఫారం ఏమంటుందంటే,
దెబ్బ యుద్ధంలోనే తగిలిందని చూపిస్తే
కోసింది తిరిగిస్తారట.
మోకాలు అదే. మెట్లెక్కితే వచ్చే ఆ చప్పుడూ అదే.
నొప్పి ఎక్కడ పుట్టిందో
దానికో జనన ధ్రువపత్రం కావాలి.

ఉన్నదొక్కటే కాగితం, పంతొమ్మిదేళ్ల నాటిది.
మడతల దగ్గర చిరిగింది.
మెడిక్ చేతిరాతలో ఒక్క వాక్యం:
'వాహనం దిగుతూ పడింది.'

అంతే.
చర్చి మెట్ల మీద జారిన పెద్దామెలాగా.

ఆ వాక్యంలో రోడ్డు లేదు.
రోడ్డు పక్కన చచ్చిన కుక్క లేదు, దాని పొట్టకి వేసిన కుట్లు లేవు.
ముందు లారీ లేదు, అందులో టెవిన్ లేడు,
ఆ పొద్దున్నే నా దగ్గర ఒక జత మేజోళ్లు
అప్పు తీసుకున్నవాడు.
నా లారీ తలుపు నేలకి ఆరడుగుల ఎత్తు.
ఒంటి మీద ముప్పై కిలోల బరువు.
నేను పడలేదు.
దూకాను.
ఎలాగైనా మోకాలు విరిగేదే, నాకు తెలుసు.
కానీ పడేటప్పుడు కాళ్లు ఎటూ వెళ్లాలనుకోవు.
నా కాళ్లు వాడి వైపు వెళ్లాలనుకున్నాయి.

క్వార్ల్స్‌ని ఆర్లోనే వెతికి పట్టుకున్నాడు.
ఎక్కడో డులూత్‌లో ఫ్రిజ్‌లు బాగుచేస్తున్నాడట.
ఫోన్లో చాలాసేపు ఏదో మోటారు మోత, తర్వాత గొంతు:
"ఆరోజు పదకొండుమందికి రాశాను, సార్జంట్.
మీ దగ్గరికొచ్చేసరికి చేతులు తడిగా ఉన్నాయి.
ఏ చిన్న మాట దొరికితే అది రాసేశాను."
పర్లేదని నేననలేదు.
అనమని అతనూ అడగలేదు.
మూడు వారాలకి ఉత్తరం వచ్చింది, షాపు బిల్లు కాగితం మీద.
పైన అచ్చులో: కంప్రెసర్లకు ఏడాది గ్యారంటీ.
కింద పెన్నుతో, ఒత్తి ఒత్తి:
'ఆమె పడలేదు. దూకింది. నేను చూశాను.
తప్పు రాసింది నేను.'

ఏడు నెలలు.
మోకాలిని ఒప్పుకున్నారు.
చెవిలో మోతకి ఆధారం చాలలేదట.

అది మోత కాదు, హారన్.
టెవిన్ తల స్టీరింగు మీద వాలిపోయింది,
హారన్ ఎంతకీ ఆగలేదు.
సాక్షి గడిలో ఎవరి పేరు రాయను?
ఆర్లో అప్పీలు కాగితాలు తెచ్చి
రొట్టెల డబ్బా కింద పెట్టాడు.
అవి అక్కడే ఉన్నాయి.

నెలాఖరున బ్యాంకు కబురు చూసి
గరాజులోంచి ఒకటే కేక:
"పడింది! డబ్బు పడింది!"

ఎంత ఎత్తు నుంచి, అని
అడగబోయి ఊరుకున్నాను.